గుట్టలెక్కే ఫ్రేమ్ క్యారియర్: పాపతో చాలాకాలం వాడాక

అల్యూమినియం ఫ్రేమ్ ఉన్న ఈ బ్యాక్‌ప్యాక్ తరహా బేబీ క్యారియర్ బజారుకి తీసుకెళ్దామని కొంటే డబ్బు దండగ. ఖాళీదే దాదాపు 3 కిలోలు. ఆటో ఎక్కితే ఒక మనిషి చోటు అదే ఆక్రమిస్తుంది. గుట్టలెక్కే అలవాటున్న వాళ్లకి మాత్రం బట్ట క్యారియర్ కంటే ఇదే నయం. ఎందుకో ఎక్కేటప్పుడు తెలియదు, దిగేటప్పుడు తెలుస్తుంది.

భువనగిరి కోటనే తీసుకోండి. కొండంతా ఒకే రాయి, ఎత్తు 500 అడుగుల దాకా. మెట్లున్నా కొన్నిచోట్ల నున్నటి బండ మీదే నడవాలి. పాపను ముందు కట్టుకుంటే మన పాదాలు మనకే కనపడవు. వెనక కూర్చోబెడితే అడుగు ఎక్కడ పడుతోందో చూసుకుంటూ నింపాదిగా దిగొచ్చు. 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ శిక్షణ మొదలైంది ఈ బండల మీదేనని మా ఆయన వెళ్లినప్పుడల్లా గుర్తుచేస్తాడు, మా పాపకి పళ్లు కూడా రాకముందు నుంచీ!

పాప 9 కిలోలున్నప్పుడు నీళ్లు, డైపర్లు, క్యారియర్ అన్నీ కలిపి 14 దాటేది. నడుం బెల్టు తుంటి ఎముకల మీద గట్టిగా కూర్చుంటే భుజాలకి ఆ బరువు అంతగా తెలియదు. బొడ్డు మీదికి జరిగిందా, కాసేపటికే మెడ పట్టేస్తుంది. ఆయన నాకంటే జానెడు పొడుగు కాబట్టి వీపు పొడవు మార్చుకునే ఏర్పాటు లేకపోతే మాకు ఇది పనికొచ్చేదే కాదు. ఇద్దరు మోసే ఇంట్లో ముందు చూడాల్సింది అదే, రంగూ జేబులూ తర్వాత.

పాప తల మన తల కంటే పైన ఉంటుందన్న సంగతి ఒంటికి అలవాటవ్వాలి. గోల్కొండలో తక్కువ ఎత్తు దారుల దగ్గర నడుం వంచితే పాప తల ముందుకొచ్చి రాయికి తగులుతుంది. మోకాళ్లు వంచి, వీపు నిటారుగా ఉంచి దూరాలి. బాలాహిస్సార్ మెట్ల మీద ఎదురయ్యే పెద్దమ్మలు "పిల్ల పడిపోదా బిడ్డా?" అని అడుగుతూనే ఉంటారు. లోపలి బెల్టులు సరిగ్గా బిగిస్తే పడదు. కానీ ఆసరా లేకుండా కూర్చోవడం వచ్చేదాకా పిల్లల్ని ఇందులో పెట్టకూడదు. అప్పటిదాకా బట్ట క్యారియరే మేలు, అందులోనూ ముఖం మనకు కనపడాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు.

చలి సంగతి మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. డిసెంబర్ పొద్దున అనంతగిరిలో మనకి చెమటలు పడుతుంటాయి, కదలకుండా కూర్చున్న పాప కాళ్లు చల్లబడిపోతాయి. మన ఒంటిని చూసి దాని స్వెటర్ తీసేయకూడదు, మెడ వెనక చెయ్యి పెట్టి చూడాలి. ఎండాకాలంలో తెల్లవారుజామున బయల్దేరినా బండలు త్వరగానే కాగిపోతాయి. మార్చి నుంచి మేము దీన్ని అటక మీద పెట్టేస్తాం.

నచ్చనివీ ఉన్నాయి. పైన గాలి కొడితే ఎండ గొడుగు నిలవదు, పాపకి టోపీ పెట్టాల్సిందే. నిద్రపోతే తల పక్కకి వాలిపోతుంది, చిన్న దిండు మనమే ఇరికించాలి. కింద నిలబెట్టే స్టాండు చదునైన నేల మీద పర్వాలేదు, బండ మీద నమ్మకూడదు. పాప అందులో ఉన్నంతసేపూ ఫ్రేమ్ మీద ఒక చెయ్యి ఉండాలి. అనంతగిరి గుడి దగ్గర కోతులుంటాయి, వెనక కూర్చున్న పాప చేతిలో బిస్కెట్ ఉంటే మనకు కనపడదు, వాటికి కనపడుతుంది.

సెకండ్‌హ్యాండ్‌లో తీసుకునేవాళ్లు బకిల్స్ అన్నీ పెట్టి తీసి చూడండి, నడుం బెల్టు లోపలి ఫోమ్ నొక్కితే మళ్లీ పైకి లేస్తోందో లేదో చూడండి. బియ్యం సంచి కూర్చోబెట్టి మూడంతస్తులు దిగి, ఆ తర్వాతే బేరం మాట్లాడండి.