జింప్‌లో ఇమేజ్ మ్యాప్: గీయడం హాయి, ఫోన్‌లోనే తిప్పలు

మా బడి పిల్లలు డ్రాయింగ్ షీట్ మీద శ్రీకాకుళం జిల్లా పటం వేశారు. దాన్ని స్కాన్ చేసి వెబ్ పేజీలో పెట్టి, ఏ ఊరి మీద నొక్కితే ఆ ఊరి గురించి వాళ్లే రాసిన పేజీ తెరుచుకునేలా చేయాలని నా కోరిక. అందుకు జింప్ అనే బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఇమేజ్ మ్యాప్ వాడాను, బొమ్మలో ఒక్కో చోటికి ఒక్కో లింకు పెట్టే పరికరం అది. ఉచితం. ఫిల్టర్స్‌లో వెబ్, దాని కింద ఉంటుంది.

ఇదివరకు ఈ పని నోట్‌ప్యాడ్‌లో చేసేదాన్ని, బొమ్మ ఎడమ పై మూల నుంచి పిక్సెల్స్ లెక్కేసుకుంటూ. శ్రీకూర్మానికో శాలిహుండానికో అయితే వృత్తం చాలు, మధ్య బిందువు, వ్యాసార్థం కలిపి మూడే అంకెలు కాబట్టి పర్లేదు గానీ, వంకరలు తిరిగే వంశధారకి పాలిగాన్ (చాలా మూలలున్న ఆకారం) అంకెలు వరసగా రాయాలంటే కళ్లు లాగేస్తాయి. ఇందులో గట్టు వెంబడి నొక్కుకుంటూ పోయి చివర డబుల్ క్లిక్ చేస్తే సరి, లింకు, ఆల్ట్ టెక్స్ట్ అడుగుతుంది. ఆల్ట్ గడి ఖాళీగా వదలకండి, చూపు లేనివాళ్లకి స్క్రీన్ రీడర్ చదివి వినిపించేది అదే. చివరికి వచ్చిన కోడ్‌ని మన పేజీలో అతికించుకోవడమే. బొమ్మని మ్యాప్‌తో కలిపే యూజ్‌మ్యాప్ అనే మాటలో మ్యాప్ పేరు ముందు హ్యాష్ గుర్తు మర్చిపోతే మాత్రం ఒక్క లింకూ పనిచేయదు.

అరసవల్లి దగ్గర ఇరుక్కున్నాను. గుడి మీద ఎన్నిసార్లు నొక్కినా శ్రీకాకుళం టౌన్ పేజీయే వచ్చేది. రెండు ప్రాంతాలు ఒకదాని మీద ఒకటి పడితే కోడ్‌లో ముందున్నదే చెల్లుతుందని చాలాసేపటికి గానీ తట్టలేదు. అరసవల్లి లైన్ పైకి జరిపితే సరిపోయింది.

అసలు టెన్షన్ ఫోన్‌లో. బొమ్మ అసలు వెడల్పు 1200 పిక్సెల్స్, ఫోన్‌లో 360కి కుదించుకుంది, కానీ అంకెలు మాత్రం 1200 లెక్కనే ఉండిపోయాయి. అంటే వేలు ఎక్కడ పెట్టినా అది అసలు బొమ్మ ఎడమ పై మూలకే పోతుంది, మా పటంలో అక్కడ ఒడిశా వైపు ఖాళీగా వదిలేశాం. ఏదీ తెరుచుకోలేదు, పిల్లల ముఖాలు చిన్నబోయాయి. ఇంట్లో అందరికీ ఉన్నది ఫోనే కదా! ఇది జింప్ తప్పు కాదు, వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో ఇమేజ్ మ్యాప్ తీరే అంత. అయినా ఇవాళ్టి అవసరానికి చాలదు కాబట్టి ఐదుకి మూడున్నరే ఇస్తాను.

అలాగని చేసిన పని వృథా కాలేదు. ఆ అంకెలే ఎస్‌వీజీలోకి, అంటే ఆకారాలని అంకెలతో రాసే బొమ్మల పద్ధతిలోకి, మార్చాను. వ్యూబాక్స్ (బొమ్మ కొలతల చట్రం) 0 0 1200 1200 అని పెట్టి, బొమ్మనీ ఆకారాలనీ అందులోనే ఉంచితే అన్నీ కలిసే చిన్నవవుతాయి, కలిసే పెద్దవవుతాయి. పాలిగాన్ అంకెలు ఉన్నవి ఉన్నట్టు పనికొస్తాయి, వృత్తానివీ అంతే. దీర్ఘచతురస్రానికి మాత్రం కుడి అంకెలోంచి ఎడమది తీసేసి వెడల్పు, కింది దాంట్లోంచి పైది తీసేసి ఎత్తు రాయాలి. ఇంకోటి, ఎస్‌వీజీలో వరస తిరగబడుతుంది, తర్వాత రాసిందే పైన ఉంటుంది, అందుకని అరసవల్లిని మళ్లీ కిందికి దించాను.

ఇప్పుడు ఫోన్‌లో బారువ మీద వేలు పెడితే బారువే వస్తోంది.