సగ్రాదా ఫమీలియా: పిల్లర్ల కోసమే రెండుసార్లు వెళ్లాను

ముప్పై ఏళ్లుగా ఇళ్లు కట్టిస్తున్నాను. నాకు తెలిసిన పిల్లరంటే తొమ్మిది బై పన్నెండు, నిటారుగా నిలబడి పైన బీమ్‌ని మోసేది. అందుకే బార్సిలోనాలో మా అబ్బాయి "నాన్నా, ఇవాళ చర్చి చూద్దాం" అన్నప్పుడు సరే పద అన్నానంతే. లోపల అడుగుపెట్టాక మాత్రం మెడ పట్టేసేదాకా పైకే చూస్తూ ఉండిపోయాను.

మధ్య హాలు ఎత్తు 45 మీటర్లు, అంటే మన లెక్కన పదిహేను అంతస్తులు. అంత పైకప్పును మోసే పిల్లర్లు చెట్లలా కొంచెం వాలి ఉంటాయి, సగం పైన కొమ్మలుగా చీలతాయి. బరువు ఏ దారిన కిందికి దిగుతుందో పిల్లర్ ఆ దారిలోనే వాలింది. అందుకే బయట గోడలకి ఆనించిన కమానులు కనపడవు. పాత చర్చిలకుండే ఆ ఆసరాలను ఈ చర్చి ఆర్కిటెక్టు గౌడీ ఊతకర్రలనేవాడట. కొమ్మ చీలే చోట కోడిగుడ్డు ఆకారంలో ఒక ఉబ్బు ఉంది. కొమ్మ కొట్టేసిన చోట వేపచెట్టుకి బుడిపె కడుతుంది చూడండి, అచ్చం అదే.

ఒక పిల్లర్ మొదట్లో నిలబడి కోణాలు లెక్కపెట్టాను. ఎనిమిది, నక్షత్రంలా. పైకి వెళ్లేకొద్దీ పదహారు, ముప్పైరెండు, ఆపైన దాదాపు గుండ్రం. ఒకే నక్షత్రాన్ని ఓసారి కుడికి, ఓసారి ఎడమకి మెలితిప్పుతూ పైకి లేపితే, రెండిటికీ ఉమ్మడిగా మిగిలే రూపం ఇది. మా సెంట్రింగ్ మేస్త్రికి ఈ డ్రాయింగ్ ఇస్తే పని మానేసి ఊరెళ్లిపోతాడు! బరువును బట్టి రాయి కూడా మారుతుంది. అన్నిటికన్నా ఎక్కువ మోసేవి పోర్ఫిరీ అనే ఎర్రటి గట్టిరాయి, పక్కనున్న తేలికవి ఇసుకరాయి.

1883లో ఈ పని చేతికి తీసుకున్న గౌడీ 1926లో ట్రామ్ గుద్ది పోయాడు. ఈ హాలును ఆయన చూడనేలేదు. 1936లో అల్లరిమూకలు ఆయన ప్లాస్టర్ నమూనాల్ని పగలగొడితే, ముక్కలు ఏరి అతికించుకుని పని కొనసాగించారు.

టికెట్ విషయంలో జాగ్రత్త. ఏ టైముకి బుక్ చేసుకుంటే ఆ టైముకే లోపలికి పంపుతారు. మాకు బుక్ చేసిన ఏజెంటు మిట్టమధ్యాహ్నం పన్నెండుకి పెట్టాడు, ఎండ నడినెత్తిన ఉండటంతో గాజు రంగులు సరిగా తెలియలేదు. చిరాకేసి, రెండో రోజు మావాడితో సాయంత్రానికి కొనిపించాను. పడమటి కిటికీల్లోంచి ఎర్రటి నారింజ వెలుగు పడి పిల్లర్లన్నీ కాలుతున్నట్టున్నాయి. తూర్పు వైపు గాజు నీలం, ఆకుపచ్చ. అది చూడాలంటే పొద్దున్నే వెళ్లాలి. టవర్‌కి వేరే టికెట్. ఎక్కడానికి లిఫ్టుంది కానీ దిగేది సన్నటి మెలిక మెట్ల మీదుగానే. నా మోకాళ్లకి అది పడలేదు, మీకూ నొప్పులుంటే వద్దు.

కింద మ్యూజియం మాత్రం వదలకండి. గౌడీ ఇంకో చర్చి కోసం తాళ్లకి చిన్న చిన్న సంచులు కట్టి తలకిందులుగా వేలాడదీసిన నమూనాకి నకలు అక్కడుంది. వేలాడే తాడు తన బరువుకి తానే వంపు తీసుకుంటుంది, దాన్ని తిరగేస్తే నిలబడే ఆర్చి. మావాడు ఫోటో తీసి, రొటేషన్ లాక్ చేసి, ఫోన్‌ని తలకిందులుగా నా చేతికిచ్చాడు.