కుస్కోలో ఇంకా రోకా నడక: గైడ్‌కు పూర్తి మార్కులు, ఏర్పాట్లకు సగమే

పెరూలోని కుస్కో నగరం చాలామందికి మాచు పిచ్చు శిథిలాల దారిలో ఒక మజిలీ. నాకు మాత్రం ఈ ఊరిని ఏలిన ‘ఇంకా’ జాతి తొలి పాలకులంటే ఆసక్తి కాబట్టి, అక్కడి సంస్థ ఒకటి నడిపే నడక పర్యటనకు డబ్బు కట్టాను. ఆ డబ్బుకు న్యాయం చేసింది గైడే.

ఆమె మాతృభాష ఇంకాల భాష కెచువా. నడక ఇంకాల సూర్యాలయం కోరికాంచా దగ్గర మొదలైంది. సంప్రదాయం ప్రకారం మొదటి ఐదుగురు పాలకులు దిగువ కుస్కో వంశంవాళ్లు. 14వ శతాబ్దంలో ఏలిన ఆరోవాడు ఇంకా రోకాతో పెత్తనం ఎగువ కుస్కో వంశానికి మారింది. ఆ మార్పు కాళ్లకు తెలిసేలా ఆమె మమ్మల్ని కింది నుంచి పైకి, రోకా మందిరమని చెప్పే హతున్ రుమియోక్ వీధి గోడ దాకా నడిపించింది.

ఆ గోడలోనే పన్నెండు మూలల రాయి ఉంది. పచ్చని ఛాయ ఉన్న డయోరైటు అనే గట్టి రాయి. చుట్టూ ఉన్న రాళ్లు ఒక్కో మూలలోకి ఒదిగిన తీరు ఎంత చూసినా తనివి తీరదు. మధ్యలో సున్నం లేదు, మట్టి లేదు. పైన ఆర్చిబిషప్ భవనం నిలబడింది ఈ గోడ మీదే. 2025 ఫిబ్రవరిలో ఒకడు ఈ రాతిని సుత్తితో కొట్టి పెచ్చులు లేపాడని ఆమె చెబుతుంటే కడుపు తరుక్కుపోయింది.

రోకా భార్య మామా మికాయ్ కథ గైడ్ అక్కడే చెప్పింది. మికాయ్‌ను మొదట అయర్మాకులనే పొరుగు తెగ నాయకుడు తోకాయ్ కపాక్‌కు ఇస్తామన్నారు. మాట తప్పి రోకాకు ఇచ్చేసరికి తోకాయ్ పగబట్టి, రోకా దంపతుల కొడుకును చిన్నతనంలోనే ఎత్తుకుపోయేలా చేశాడు. బాలుడి కళ్ల నుంచి నెత్తురు కారడం చూసి శత్రువులే బెదిరిపోయారట. తర్వాత యావర్ వాకాక్ (నెత్తురు కన్నీళ్లు కార్చేవాడు) అనే పేరుతో ఏలింది ఆ పిల్లవాడే. ఇది 1572లో స్పానిష్ చరిత్రకారుడు సర్మియెంతో రాసిన కథ అనీ, మరో చరిత్రకారుడు గార్సిలాసో వేరేలా చెప్పాడనీ గైడ్ స్పష్టంగా విడమరిచింది. నిజాయితీ అంటే అదీ!

ఏర్పాట్లే బాగాలేవు. కోరికాంచా టికెట్ వేరుగా కొనాలని ముందు చెప్పలేదు. ఇరుకు వీధిలో అంత పెద్ద గుంపు ఉంటే వెనకవాళ్లకు మాట వినబడదు. 3,400 మీటర్ల ఎత్తున ఎగువకు అంత వేగంగా నడిపిస్తే పెద్దవాళ్లు ఆయాసపడతారు.

వెళ్లేవాళ్లు ఊరికి చేరిన రోజే కాకుండా, ఎత్తుకు ఒళ్లు కాస్త అలవాటుపడ్డాక వెళ్లండి. గుంపు చిన్నదేనా అని ముందే అడగండి.