సర్వర్ చిరునామా మారినప్పుడు డబ్ల్యూపీ-సీఎల్‌ఐ: కొన్నేళ్ల వాడకం తర్వాత

కర్నూలులో కొన్ని కళాశాలలకు, విత్తన వ్యాపారులకు వర్డ్‌ప్రెస్ సైట్లు నిర్వహిస్తుంటాను. సర్వర్ ఐపీ (అంకెల చిరునామా) గానీ డొమైన్ పేరు గానీ మారిన ప్రతిసారీ నేను ఆశ్రయించేది, వర్డ్‌ప్రెస్‌ను టైపు చేసిన ఆదేశాలతో నడిపే డబ్ల్యూపీ-సీఎల్‌ఐ అనే పరికరంలోని ‘సెర్చ్-రీప్లేస్’ ఆదేశాన్నే. డేటాబేస్‌లో పాత చిరునామాను వెతికి కొత్తది పెట్టడం దీని పని. ఇది ఉచితం. అయితే కమాండ్ లైన్‌లోనే నడుస్తుంది కనుక, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లో ఆదేశాలు నడిపే) సౌకర్యం లేని చవక హోస్టింగ్ తీసుకున్నవారికి అంతగా అక్కరకు రాదు.

డేటాబేస్‌లో నేరుగా ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ భాష)తో రీప్లేస్ చేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. వర్డ్‌ప్రెస్ విడ్జెట్ల, థీమ్‌ల అమరికలను సీరియలైజ్ చేసి దాస్తుంది. అంటే ప్రతి పదబంధం పక్కన దాని పొడవు కూడా నమోదై ఉంటుంది. కళాశాల లోపలి సర్వర్ 192.168.1.20 నుంచి 192.168.1.105కు మారిందనుకుందాం. ముందున్న ‘http://’తో కలిపి పాత చిరునామా 19 అక్షరాలు, కొత్తది 20. ఎస్‌క్యూఎల్ చిరునామాను మారుస్తుంది గానీ పక్కనున్న 19ని అలాగే వదిలేస్తుంది. దాంతో వర్డ్‌ప్రెస్ నడిచే భాష పీహెచ్‌పీ ఆ అమరికను చదవలేక, సైడ్‌బార్ మొత్తం ఖాళీగా కనిపిస్తుంది. సెర్చ్-రీప్లేస్ ఆదేశం ఆ అంకెను కూడా సరిచేస్తుంది. నా దృష్టిలో దీన్ని వాడడానికి ఈ ఒక్క కారణం చాలు.

‘డ్రై-రన్’ జోడిస్తే ఏమీ మార్చకుండా, ఏ పట్టికలో ఎన్ని మార్పులు జరగబోతున్నాయో చూపుతుంది. తొందర ఎంత ఉన్నా దీన్ని దాటవేయకూడదు. ఎందుకంటే ఆదేశం అక్షరాలనే పోలుస్తుంది తప్ప అది ఐపీ అని గ్రహించదు: పై ఉదాహరణలోనే 192.168.1.200 అనే మరో యంత్రం చిరునామా ఎక్కడైనా ఉంటే, అది 192.168.1.1050 అనే అర్థంలేని అంకెగా మారిపోతుంది. డొమైన్ పేరును మాత్రమే వెతికితే ఈమెయిల్ చిరునామాలు కూడా మారిపోతాయి. ప్రతి వ్యాసానికి శాశ్వత గుర్తుగా ఉండే ‘గైడ్’ (guid) అనే కాలమ్‌ను ఇది తనంతట తాను వదలదు. ఫీడ్ రీడర్లు పాత వ్యాసాలను కొత్తవిగా చూపకూడదనుకుంటే ‘స్కిప్-కాలమ్స్’ మనమే రాయాలి. ఎలిమెంటార్ అనే పేజీ తయారీ ప్లగిన్‌తో కట్టిన పేజీలలో చిరునామాలోని వాలుగీతల (/) ముందు బ్యాక్‌స్లాష్‌లు (\) ఉంటాయి కనుక, ఆ రూపంలో మరోసారి వెతకక తప్పదు. వీటిని తెలిసినవారికే వదిలేయడం ఈ పరికరంలోని లోపమనే చెప్పాలి.

ఇక డేటాబేస్ బయటి సంగతులు దీనికి పట్టవు. డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైలులో ‘డబ్ల్యూపీ_హోమ్’ (సైట్ చిరునామా) పాత పేరుతో రాసి ఉంటే, డేటాబేస్ ఎంత సరిగా ఉన్నా సైట్ పాత పేరుకే పరుగెడుతుంది. డొమైన్ పేరుకు ఏ ఐపీ అన్నది ఇతర సర్వర్లు గుర్తుంచుకునే వ్యవధి అయిన టీటీఎల్‌ను ముందురోజే 300 సెకన్లకు తగ్గించుకోవాలి. సైట్ భద్రతకు వాడే ఎస్‌ఎస్‌ఎల్ పత్రం డొమైన్ పేరు మీద ఉంటే ఐపీ మారినా చెల్లుతుంది, పేరు మారితే కొత్తది తీసుకోవాలి. మా కళాశాలల విషయంలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఎస్‌ఎంఎస్‌లు పంపే గేట్‌వే సేవ: అది అనుమతించిన ఐపీల జాబితాలో కొత్త ఐపీ చేర్చేదాకా ప్రవేశాల ఓటీపీలు వెళ్లవు, సైట్ మాత్రం చక్కగా తెరుచుకుంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు.