డిశ్చార్జ్ అయ్యాక ఇంటిదాకా: అద్దె అంబులెన్సులను ఏళ్ల తరబడి వాడాక నా మాట

మా నాన్నకి పక్షవాతం వచ్చి హైదరాబాద్‌లో వైద్యం చేయించాం. తర్వాత అమ్మ జారిపడి తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది. రివ్యూలకీ స్కానింగులకీ ఖమ్మం నుంచి వెళ్లిరావడం ఇప్పటికీ ఉంది. ఇన్నేళ్లలో మేం అన్ని రకాల బండ్లూ వాడాం. ఆసుపత్రి గేటు ముందు స్టాండులో ఉండేవి, ఆసుపత్రి సొంత అంబులెన్సు, ఫోన్‌లో బుక్ చేసుకునేవి, మా ఊరి నుంచి పిలిపించుకున్నవి, ట్యాక్సీ, మా సొంత కారు. వీటిలో ఏది మంచిదని అడిగితే, బండిని చూసి కాదు, బండితో వచ్చే రెండో మనిషిని చూసి డబ్బు పెట్టమంటాను. హైవే మీద నాలుగైదు గంటలు ఏ బండైనా నడుస్తుంది. ఆసుపత్రి మంచం మీంచి స్ట్రెచర్ మీదికి, స్ట్రెచర్ మీంచి ఇంట్లో మంచం మీదికి మార్చేటప్పుడే రోగికి నొప్పి, మనకి భయం. ఆ రెండు చోట్లా పని తెలిసిన చేతులుంటే ప్రయాణం సాఫీగా అయినట్టే.

ముందు 108 సంగతి చెప్తాను, ఎందుకంటే డిశ్చార్జ్ అనగానే చుట్టాల్లో ఎవరో ఒకరు "108కి కొట్టండి, ఫ్రీయే కదా" అంటారు. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆ సర్వీసు ప్రాణం మీదికొచ్చినవాళ్లని ఆసుపత్రికి చేర్చడానికి. ఇంటికి దింపడానికి రాదు, దాన్ని అలా అడగనూకూడదు. బాలింతలకైతే వేరే ఏర్పాటుంది. కేంద్రం 2011 జూన్‌లో తెచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద, ప్రభుత్వాసుపత్రిలో ప్రసవమైన తల్లినీ బిడ్డనీ ఉచితంగా ఇంటికి దింపాలి. తెలంగాణలో 102 నంబరుకి ఫోన్ చేస్తే వచ్చే బండ్లు, ఆంధ్రలో తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్‌లు ఆ పని చేస్తున్నాయి. బాలింతని ఇల్లు చేర్చడం కూడా వైద్యంలో భాగమేనని ప్రభుత్వం ఒప్పుకుంది. తుంటి విరిగిన డెబ్బై ఏళ్ల మనిషికీ, ఒక పక్క పడిపోయిన మనిషికీ అదే న్యాయం ఉండాలని నా గట్టి అభిప్రాయం. వాళ్లకి ఇప్పుడున్నది ప్రైవేటు బండే. ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో రవాణా ఖర్చు కలిపి ఉంటుంది, ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్రని అడిగి తీసుకోండి. కాకపోతే అది బస్సు చార్జీల లెక్క, పడుకోబెట్టి తీసుకెళ్లే బండికి చాలదు. ప్రైవేటు ఇన్సూరెన్సులో కూడా చాలా పాలసీలు ఆసుపత్రికి వెళ్లేటప్పటి అంబులెన్సుకే ఇస్తాయి, తిరుగు ప్రయాణానికి ఇవ్వవు.

గేటు ముందు స్టాండు బండ్లలో సుఖం ఏమిటంటే పిలిచిన ఐదు నిమిషాల్లో వార్డు దగ్గర ఉంటారు. ఏ లిఫ్టులో స్ట్రెచర్ పడుతుందో, ఏ ర్యాంపు ఖాళీగా ఉంటుందో, ఏ వార్డుబాయ్‌ని పిలవాలో వాళ్లకి తెలుసు. కష్టం ధర దగ్గర వస్తుంది. ఒకే రోజు, ఒకే దూరానికి ఇద్దరు చెప్పిన రేట్లలో ఒకటి రెండోదానికి దాదాపు రెట్టింపు. హైదరాబాద్ నుంచి ఖమ్మం సుమారు 200 కిలోమీటర్లు. తిరుగు ఖాళీగా రావాలి కాబట్టి 400కి లెక్క కడతారు, అది న్యాయమే. ఆ పైన ఆక్సిజన్‌కి వేరు, వెయిటింగ్‌కి వేరు, మనిషికి వేరు అని దారిలో ఒక్కొక్కటే బయటికి వస్తాయి. మాకు వచ్చిన ఒక డ్రైవరు పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్ల డబ్బులు కూడా బిల్లులో వేశాడు. జాతీయ రహదారుల మీద అంబులెన్సుకి టోల్ లేదు. రోగిని తీసుకెళ్లే అంబులెన్సు చార్జీ మీద జీఎస్టీ కూడా లేదు. ఈ రెండూ ముందే తెలిసి ఉంటే బేరం దగ్గర గొంతు నిలబడుతుంది.

బయటి బండిని గేటులోపలికి రానివ్వకపోవడం కొన్నిచోట్ల ఉంది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రి దగ్గర బయటి నుంచి వచ్చిన అంబులెన్సును స్థానిక డ్రైవర్లు అడ్డుకుంటే, ఒక తండ్రి బిడ్డ శవాన్ని బైకు మీద సుమారు 90 కిలోమీటర్లు తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆ వార్త చదివినప్పటి నుంచి, ఏ ఆసుపత్రిలో చేరినా బయటి బండి వార్డు దాకా రావచ్చా అని మొదటి రోజుల్లోనే సెక్యూరిటీ ఆఫీసులో అడిగి పెట్టుకుంటున్నాను. డిశ్చార్జ్ రోజున అడిగితే వాదనకి టైము ఉండదు.

ఆసుపత్రి సొంత అంబులెన్సు శుభ్రంగా ఉంది, తోడుగా నర్సు వచ్చింది, అందరికంటే ఖరీదు. నాన్నని మొదటిసారి ఇంటికి తెచ్చింది దాన్లోనే. దారంతా ఏ లోటూ లేదు. మా ఇంటి ముందు ఆగాక "మా పని గేటు దాకానేనమ్మా" అన్నారు. మాది మొదటి అంతస్తు, మెట్లు మధ్యలో మలుపు తిరుగుతాయి. చక్రాల స్ట్రెచర్ ఆ మలుపులో తిరగదు. వీధిలో వాళ్లు నలుగురూ మంచి మనసుతో వచ్చి తలో చెయ్యీ వేశారు, నాన్నని చంకల కింద చేతులేసి ఎత్తబోయారు. మా తమ్ముడు అడ్డుపడి ఆపాడు. పక్షవాతం వచ్చిన వైపు భుజం కీలు పట్టు తప్పి ఉంటుంది, ఆ చేతిని పట్టి లాగినా, చంక కింద ఎత్తినా కీలు జారుతుందని ఫిజియోథెరపిస్టు వాడికి ముందే చెప్పి ఉన్నాడు. నలుగురు బలమైనవాళ్లు ఉండటం వేరు, "ఒకటి, రెండు, మూడు" అని లెక్క చెప్పి అందరిచేతా ఒకేసారి ఎత్తించే ఒక్క మనిషి ఉండటం వేరు.

మెట్ల గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎవరూ చెప్పరు గనక. పైకి ఎక్కించేటప్పుడు తల వైపు ముందు పోవాలి, దించేటప్పుడు కాళ్ల వైపు ముందు. ఎలా చూసినా తల ఎత్తులోనే ఉండాలి. మలుపు మెట్లకి చక్రాల స్ట్రెచర్ పనికిరాదు. పిడులున్న గుడ్డ స్ట్రెచర్ అడగండి, అది మలుపులో ఒంగుతుంది. కూర్చోగలిగినవాళ్లయితే మెట్ల కుర్చీ ఉందేమో అడగండి. లేకపోతే చేతులున్న చెక్క కుర్చీయో ఇనప కుర్చీయో వాడి, నడుముకి తువ్వాలు కట్టండి. ప్లాస్టిక్ కుర్చీ మాత్రం వద్దు, బరువు ఒక కాలి మీద పడగానే అది విచ్చుకుంటుంది. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లు లిఫ్టు ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. ఆరుగురు పట్టే మామూలు లిఫ్టులో ఆరడుగుల స్ట్రెచర్ అడ్డంగానూ పట్టదు, నిలువుగానూ పట్టదు. బండి మాట్లాడుకునే ముందే ఇంట్లో ఉన్నవాళ్లతో మెట్ల ఫొటో తీయించి అంబులెన్సు వాళ్లకి పంపించండి. ఫొటో చూసి "ఇద్దరం వస్తాం" అన్నవాడికే ఇవ్వండి.

ఫోన్‌లో బుక్ చేసుకునే సర్వీసుల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. రేటు ముందే రాసి చూపిస్తారు, రసీదు ఇస్తారు, అది మంచిది. ఒకసారి మాత్రం పెద్ద ట్రావెలర్ అని చెప్పి చిన్న ఓమ్ని పంపారు. ఓమ్నిలో స్ట్రెచర్ పక్కన నడుము నిటారుగా పెట్టి కూర్చోలేం, దారిలో నాన్న నోట్లో చేరిన లాలాజలం తుడవడానికి కూడా ఒంగిపోవాల్సి వచ్చింది. మన దేశంలో అంబులెన్సులకి ఏఐఎస్ 125 అనే ప్రమాణం ఉంది. అందులో బి టైపు అంటే రోగిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే మామూలు బండి, సి అంటే ప్రాథమిక సదుపాయాలున్నది, డి అంటే వెంటిలేటరు లాంటివి ఉన్నది. డిశ్చార్జ్ అయి నిలకడగా ఉన్న మనిషికి చాలాసార్లు బి చాలు. ఐసీయూ బండి అంటగట్టబోతే, అది ఎందుకు అవసరమో డ్యూటీ డాక్టర్‌ని అడగండి. ఆయన కావాలంటే తీసుకోవాలి, డ్రైవరు కావాలంటే అక్కర్లేదు.

డాక్టర్‌ని అడగాల్సిన అసలు ప్రశ్న ఇంకొకటుంది. కూర్చుని వెళ్లొచ్చా, పడుకునే వెళ్లాలా? బండి ఏదో, ఖర్చు ఎంతో తేలేది దీంతోనే. డిశ్చార్జ్ సమ్మరీలో మందులన్నీ రాస్తారు, ఇది రాయరు. నేనిప్పుడు పట్టుబట్టి రాయించుకుంటున్నాను. దాంతోపాటు ఆక్సిజన్ నిమిషానికి ఎన్ని లీటర్లో కూడా. చిన్న సిలిండరు (దీన్నీ బి టైపే అంటారు, బండి టైపుతో సంబంధం లేదు) నిండుగా ఉంటే దాదాపు 1,500 లీటర్లు. నిమిషానికి 2 లీటర్లయితే 12 గంటలు దాటి వస్తుంది, 5 లీటర్లయితే 5 గంటలే. ఎల్బీ నగర్‌లో ట్రాఫిక్ తగిలితే ఖమ్మం చేరేసరికి అది కూడా చాలకపోవచ్చు. మీటరు ముల్లు సగంలో ఉంటే గ్యాసు సగమే ఉన్నట్టు. బండి కదిలే ముందు ముల్లు మీ కళ్లతో చూసి, రెండో సిలిండరు ఉందో లేదో కూడా చూడండి.

నాన్నకి అప్పట్లో ముక్కులో రైల్స్ ట్యూబు, యూరిన్ బ్యాగు ఉండేవి. ట్యూబులో పాలు పట్టగానే పడుకోబెట్టి బయల్దేరదీయకూడదు, కనీసం గంట ఆగాలి. దారంతా తల వైపు సుమారు 30 డిగ్రీలు ఎత్తి ఉంచాలి. లేకపోతే పొట్టలోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. యూరిన్ బ్యాగు బయల్దేరే ముందే ఖాళీ చేసి, స్ట్రెచర్ పక్కన నడుము కంటే కిందికి వేలాడదీయాలి. స్ట్రెచర్ మార్చే హడావుడిలో దాన్ని పొట్ట మీద పెట్టేస్తారు, ఆ నీరు వెనక్కి పోతే ఇన్ఫెక్షన్. ఇవన్నీ మాకు ఒక సిస్టర్ ఓపిగ్గా చెప్పింది. ఆమెకి ఎంత రుణపడ్డామో మాటల్లో చెప్పలేను.

బయల్దేరే టైము ఎప్పుడూ మన చేతిలో ఉండదు. పొద్దున రౌండ్స్‌లో డాక్టరు ఇంటికెళ్లొచ్చంటారు, బిల్లు, ఇన్సూరెన్సు తేలేసరికి సాయంత్రమవుతుంది. ఆసుపత్రి అడిగిన మూడు గంటల్లోపు ఇన్సూరెన్సు కంపెనీ తుది అనుమతి ఇవ్వాలనీ, ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే అది కంపెనీయే భరించాలనీ బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ 2024 మేలో సర్క్యులర్ ఇచ్చింది. ఆ మాట ఇన్సూరెన్సు డెస్కులో గుర్తుచేస్తే కాగితం కొంచెం త్వరగా కదులుతుంది. అయినా బండిని ఉదయం పదికని చెప్పకండి. గేట్ పాస్ చేతికొచ్చాక కదిలేలా మాట్లాడుకోండి, ఎంతసేపటి దాకా వెయిటింగ్ లేదో ముందే అడగండి. బాగా పొద్దుపోతే, ట్యూబులున్న మనిషిని రాత్రి తీసుకెళ్లడం కంటే ఒక రోజు గది అద్దె కట్టి తెల్లారి బయల్దేరడమే మేలంటాను. చేరేసరికి మన ఊళ్లో డాక్టరు, మందుల షాపు తెరిచి ఉండాలి కదా. దారిలో అవసరమైతే నార్కట్‌పల్లిలో మెడికల్ కాలేజీ ఆసుపత్రి, సూర్యాపేటలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉన్నాయని గుర్తుంచుకోండి.

ఇక మాకు అన్నిటికంటే బాగా కుదిరింది మా ఊరి బండి. ఖమ్మం అంబులెన్సులు రోజూ రోగుల్ని హైదరాబాద్ తెస్తాయి, చాలావరకు ఖాళీగా వెనక్కి పోతాయి. డిశ్చార్జ్ తేలగానే ముందురోజే ఫోన్ చేస్తే, "రేపు ఒక పేషెంటుని తెస్తున్నాం అమ్మా, దింపేసి మీ దగ్గరికొస్తాం" అంటారు. రిటర్న్ బండి కాబట్టి రేటు బాగా తగ్గుతుంది. అంతకంటే పెద్ద లాభం, వాళ్లకి మా వీధి తెలుసు, మా మెట్లు తెలుసు. ఊళ్లో పేరుతో బతికేవాళ్లు కనుక గేటు దగ్గర వదిలేసి పోరు. డ్రైవరుతో పాటు వచ్చే కుర్రాడు నాన్నని దుప్పటితో సహా ఎలా జరపాలో, ఏ వైపు నిలబడాలో చూస్తేనే ధైర్యంగా ఉంటుంది. "పెద్దాయనా, భయపడకు, నేను పట్టుకున్నా" అంటూ మాట్లాడిస్తూనే మంచం మీదికి చేరుస్తాడు. అతనికి ఇచ్చేది బండి డబ్బుల్లో కలపకుండా అతని చేతికే ఇస్తాం. ఒక జాగ్రత్త ఉంది. ముందు వచ్చిన రోగిని దింపాక బండి లోపల శుభ్రం చేశారో లేదో చూడండి. స్ట్రెచర్ మీదికి మన దుప్పటి మనమే తీసుకెళ్లడం మంచిది.

అమ్మకి అంబులెన్సు అక్కర్లేకపోయింది. కూర్చుని వెళ్లొచ్చని డాక్టరు అన్నారు, కారు చాలింది. తుంటి కీలు మార్చే ఆపరేషన్ అయినవాళ్లకి సీటు మరీ కిందికుంటే తొడ, నడుము మధ్య 90 డిగ్రీల కంటే ఎక్కువ ఒంగిపోతుంది, కొత్త కీలు జారే ప్రమాదం ఉంది. మరీ ఎత్తున్న బండి ఎక్కలేరు. మాకు వ్యాగనార్ ఎత్తు సరిగ్గా సరిపోయింది. ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, వీపు కొంచెం వాల్చి, గట్టి దిండు వేశాం. దాని మీద ఒక ప్లాస్టిక్ కవరు పరిస్తే ఒళ్లు సులువుగా తిరుగుతుంది. ముందు పిరుదులు సీటు మీద ఆనాలి, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పాలి. గంటకోసారి ఆపి వాకర్‌తో నాలుగడుగులు వేయించాం, కూర్చున్నంతసేపూ పాదాలు పైకీ కిందికీ ఆడించమన్నాం, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా.

డయాలసిస్‌కి వారానికి రెండు మూడుసార్లు వెళ్లేవాళ్లకి మాత్రం ఈ లెక్కలేవీ గిట్టవు. మా వీధిలో ఒకాయన ఒక ఆటో అబ్బాయితో నెలకింతని మాట్లాడుకున్నారు. డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, అందుకని ఆ అబ్బాయి లోపలి దాకా వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొస్తాడు, ఇంటి తలుపు దగ్గర ఆయన భార్యకి అప్పజెప్పి వెళ్తాడు. ఆ బేరం ఆవిడే చేశారు, తలుపు దాకా అని ముందే గట్టిగా చెప్పి.