‘ఔగోల్’ అని వెతికితే దొరికిన ఒంగోలు: మిషన్ ఉత్తరాలతో నా ఆరేళ్లు

ముందే చెప్పేస్తాను. మీ తాతముత్తాతల పేరు అచ్చులో చూసుకుందామని పాత మిషనరీ ఉత్తరాల జోలికి వెళ్తే నిరాశ తప్పదు. ఆరేళ్లుగా వెతుకుతున్నా మా వాడి పేరు నాకు దొరకలేదు. అయినా మానలేదు.

మా నాయనమ్మ వాళ్ల తాత ధాత కరువులో కాలవ తవ్వాడని మా ఇంట్లో ఒక మాట ఉంది. ధాత కరువంటే 1876-78 నాటిది, కాలవంటే బకింగ్‌హాం కాలవ. అప్పుడు ఒంగోల్లో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఈ దేశం రాకముందు సర్వే పని చేసినవాడు. కాలవలో మూడున్నర మైళ్ల ముక్క కాంట్రాక్టుకి తీసుకుని కరువు జనానికి పని చూపించాడు. మా నాయనమ్మకి ఈ సంగతులేవీ తెలియవు. ‘రాజుపాలెం కాడ పాకల్లో ఉండి తవ్వారంట’ అనేది, అంతే. ఆ ఒక్క ముక్క పట్టుకుని దిగాను.

కాగితాలు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికే ఆరు నెలలు పట్టింది. మిషన్ వాళ్ల అసలు కాగితాలు అమెరికాలో, అట్లాంటాలోని మెర్సర్ యూనివర్సిటీ ఆవరణలో ఉన్న అమెరికన్ బాప్టిస్ట్ హిస్టారికల్ సొసైటీ దగ్గరున్నాయి. మిషనరీలు పంపిన ఉత్తరాల్లో కొన్నిటిని బోస్టన్‌లో నెలనెలా వచ్చే మిషన్ పత్రికలో అచ్చేసేవాళ్లు. ఆ పత్రిక పాత సంపుటాలు ఇప్పుడు హాథీట్రస్ట్, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్లలో స్కాన్ చేసి ఉన్నాయి. పైసా కట్టక్కర్లేదు. మొదటి రెండేళ్లు నేను చదివినవన్నీ ఒంగోల్లో, రాత్రి అన్నం తిన్నాక, ఫోన్లోనే.

వెతకడంలోనే ఉంది చిక్కంతా. స్కాన్ చేసిన పాత అచ్చుని కంప్యూటర్ చదివేటప్పుడు ‘ఎన్’ అక్షరాన్ని ‘యూ’ అనుకుంటుంది. అలా ఒంగోలు కాస్తా ‘ఔగోల్’ అయిపోతుంది. ఈ సంగతి తెలియక నాలుగు నెలలు వృథా చేశాను. తెలిశాక తప్పు స్పెల్లింగ్‌తో కొడితే, అంతకుముందు ఒక్కసారీ కనిపించని పేజీలు వరసగా వచ్చాయి. 1870ల ముందు సంపుటాల్లో తెలుగుని ‘టెలూగూ’ అని ‘ఓ’లు రెండేసి పెట్టి రాశారు. కంభం కావాలంటే సీ, యూ, ఎం, బీ, యూ, ఎం కొట్టాలి. ఊరి పేరుని దొర చెవికి ఎలా వినపడి ఉంటుందో అలా పలికి చూసుకుని టైప్ చేయాలి. మా ఆవిడ ఒక రాత్రి ‘ఎవరితో మాట్లాడుతున్నావ్’ అంది. ఇంకో సంగతి, ఉత్తరం రాసిన నెల సంచికలో వెతకొద్దు. అది ఓడెక్కి వెళ్లాలి, అక్కడ ఎవరో చూసి కత్తిరించాలి, అప్పుడు అచ్చవ్వాలి. మూడు నాలుగు నెలలు ముందుకు జరిగి చూడండి.

ఆ కత్తిరింపు దగ్గర కాస్త జాగ్రత్త. ఇవి చందాలిచ్చేవాళ్లు చదువుతారని తెలిసి రాసినవి, తెలిసి అచ్చేసినవి. కాబట్టి లెక్కలు దండిగా ఉంటాయి, మనుషులు తక్కువ. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని క్లౌ కరువు రోజుల్లో పదిహేను నెలలపాటు బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులేసుకుని. ఈ 2,222 అనే అంకె ఎన్నిచోట్ల చూశానో లెక్కలేదు. ఇద్దరిద్దరు వంతులు మారారన్న సంగతి కూడా పదే పదే కనిపిస్తుంది. నీళ్లలోకి దిగిన ఆ రెండువేల చిల్లర మంది ఎవరు? ఎక్కువమంది మా మాదిగవాళ్లే. పేరు పెట్టి రాసింది ఏ కొద్దిమంది గురించో. 1866లోనే భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్న తాళ్లకొండపాడు మనిషి యర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్లు. మిగతా అందరూ అంకెలోనే ఉన్నారు.

మూడో ఏడు నాకో మంచి రాత్రి దక్కింది. కాలవ పని గురించి క్లౌ చెప్పుకున్న చోట, శిబిరం వేసిన ఊరి పేరు తగిలింది. ‘జెడ్’ పెట్టి, ‘ఎల్’లు రెండు వేసి రాసిన రాజుపాలెం. మా నాయనమ్మ బడి మెట్టు ఎక్కిన మనిషి కాదు. ఆవిడ నోట విన్న ఊరు, నూటయాభై ఏళ్లనాటి ఇంగ్లీషు కాగితంలో. ఫోన్ పక్కన పెట్టి కాసేపు వరండాలో కూర్చున్నాను.

ఇక సర్కారు రికార్డులు. ఇక్కడ చాలామంది దారి తప్పుతారు. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉంది. అప్పుడు కొత్తగా ఏర్పడ్డ గుంటూరు జిల్లాలో కలిపారు. మనకంటూ జిల్లా వచ్చింది 1970లో, దానికి ప్రకాశం పేరు పెట్టింది 1972లో. కాబట్టి కరువు కాలం కాగితం కావాలంటే నెల్లూరు కట్టల్లో చూడాలి. గుంటూరు అని అడిగితే లేదనే చెబుతారు. అదీ మద్రాసులో, ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో అడగాలి. రెవెన్యూ కాగితాల మీద ఫసలీ సంవత్సరం, అంటే జూలైతో మొదలయ్యే శిస్తు లెక్కల ఏడాది ఉంటుంది, ఇంగ్లీషు ఏడాదిలోంచి 590 తీసేయండి. 1877 జూలైతో మొదలయ్యేది 1287 ఫసలీ. ఈ చిన్న లెక్క రాక ఒక ట్రిప్పు మొత్తం తప్పు కట్టలు తెప్పించుకుని కూర్చున్నాను. పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి వెళ్తే దిగేసరికి మధ్యాహ్నం అవుతుంది, ఆ పూట పోయినట్టే. రాత్రి బండికి పోండి. పెన్ను జేబులోనే ఉంచి పెన్సిల్ తీసుకెళ్లండి. అక్కడ నేను చూసినవాటిలో కూలిరేట్లు, గింజల ధరలు, తక్కావీ అప్పుల (రైతులకు సర్కారు ఇచ్చే అప్పులు) గొడవే ఎక్కువ. విసుగ్గా ఉంటుంది గానీ, తవ్వినవాడు ఏం తిని బతికాడో ఆ ధరలు చూస్తేనే తెలుస్తుంది. మిషన్ ఉత్తరాలు చదివి కళ్లు చెమర్చినవాళ్లు ఇవి కూడా ఒక రోజు చదవాలి.

వేటపాలెం సారస్వత నికేతనం గురించి కూడా అడుగుతుంటారు. 1918లో పెట్టిన గ్రంథాలయం, ఒకప్పుడు మన జిల్లాలోదే, ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయింది. పాత తెలుగు పత్రికలకి వెళ్లి తీరాల్సిన చోటు. నా కాలానికి మాత్రం పనికిరాలేదు.

అన్నిటికంటే బాధపెట్టింది దగ్గరలోనే దొరికింది. ఊరు పేరు రాయను. ఒక పాత చర్చి బీరువాలో సంఘ సభ్యుల రిజిస్టర్ ఉందని తెలిసి వెళ్లాను. పాస్టర్ గారు మంచి మనిషి, టీ ఇచ్చి, స్టూల్ వేసి మరీ తీసిపెట్టారు. తెలుగులో, నల్ల సిరాతో, గుండ్రటి చేతిరాత. వరస నంబరు, పేరు, తండ్రి పేరు. పల్లె పేరు మాత్రం కుడివైపు అంచున రాశారు. పదేళ్ల కిందట పుస్తకం ఊడిపోతోందని బైండింగ్‌కి ఇచ్చారట. బైండరు అలవాటు ప్రకారం మూడువైపులా అంచులు కోసి నీటుగా సమం చేశాడు. ప్రతి పల్లె పేరులోనూ మొదటి ఒకటి రెండు అక్షరాలే మిగిలాయి. మా తాత పేరున్న మనిషి ఆ పుస్తకంలో నలుగురున్నారు. ఒకడి పక్కన ‘రా’ అని ఉంది, ఆ తర్వాత అట్ట. రాజుపాలెమో, రామాయపాలెమో, రాచవారిపాలెమో ఎవరు చెప్పాలి?

ఆ రోజు ప్రతి పేజీకీ రెండేసి ఫొటోలు తీసుకున్నాను, పైనుంచి ఒకటి, పక్కనుంచి వెలుతురు పడేట్టు ఇంకొకటి. పక్క వెలుతురులో సిరా వెలిసిన చోట కూడా పాళీ గీత కనపడుతుంది. మీ ఊళ్లో ఇలాంటి పుస్తకం ఉంటే బైండింగ్‌కి వెళ్లకముందే ఈ పని చేయండి. ఫోన్ చాలు.

ఇప్పుడు నా పని అట్లాంటా వాళ్ల చేతిరాత ఉత్తరాల మీద ఉంది. కాగితానికి రెండువైపులా రాయడంతో అటు సిరా ఇటు ఊరి ఉంటుంది. పేజీకి గంట పడుతుంది. వరసలు గుర్తుపట్టడానికి తెల్ల స్కేలు ఒకటి తెర మీద ఆనించి చదువుతున్నాను. 1877 తర్వాతి కాగితాలు ఇంకా అడగాలి. మీరూ రాసేట్టయితే ఏ ఏడాది, ఏ ఊరు, ఎవరు రాసినది కావాలో మొదటి మెయిల్లోనే పెట్టండి. ‘మా తాత గురించి ఏమున్నా పంపండి’ అని నేను మొదట్లో అడిగాను. వాళ్లు మర్యాదగానే, ఏ తాత అని అడిగారు.