పాత జపాన్ గిటారు అంటూ అమ్ముతున్నారు, పొట్టలోకి చూడకుండా డబ్బు ఇవ్వకండి

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు గిటారు వాయించేవాళ్లు, ముఖ్యంగా పాత తరహా హాలోబాడీ ఎలక్ట్రిక్ గిటారు కోసం వెతుకుతున్నవాళ్లు ఇది చదవండి. "1970ల నాటి జపాన్ తయారీ" అన్న మాట నమ్మి 48 వేల రూపాయలు పోగొట్టుకున్నాను. చేతికి వచ్చింది కొత్త గిటారు. అదీ మెడ విరిగితే అతికించి రంగు పూసినది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి అమ్మినవాడి పేరు రాయను. వాడి పద్ధతి మాత్రం పూర్తిగా రాస్తాను.

ముందు నా బలహీనత ఒప్పుకోవాలి. వారమంతా బడిలో లెక్కలు చెబుతాను, ఆదివారం చర్చిలో గిటారు వాయిస్తాను. పదిహేనేళ్లుగా నా దగ్గర ఉన్నది గట్టి చెక్క దిమ్మెతో చేసిన మామూలు ఎలక్ట్రిక్ గిటారు. యాంప్‌కు, అంటే శబ్దం పెంచే స్పీకరు పెట్టెకు, తగిలించకపోతే దాని చప్పుడు దోమ పాటను మించదు. హాలోబాడీ అలా కాదు. వీణకు కుండ ఉన్నట్టే దీనికీ డొల్ల కడుపు ఉంది, దాని మీద వయొలిన్‌కు ఉన్నట్టు ఎఫ్ అక్షరం ఆకారంలో రెండు రంధ్రాలు. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ఏ వైరూ తగిలించకుండా ఒళ్లో పెట్టుకుని వాయించుకోవచ్చు. యాంప్‌కు తగిలిస్తే స్వరం గుండ్రంగా, ముద్దగా వస్తుంది, ఎక్కువసేపు సాగకుండా ఆరిపోతుంది. ఆ ఆరిపోవడంలోనే అందం ఉంది. పాత కీర్తనలకు అంతకంటే బాగా నప్పే గిటారు నాకు తెలియదు.

ఈ పిచ్చి నా ఒక్కడిదే కాదు. బ్యాండులో బూరల మోత మధ్య గిటారు వినబడాలని అమెరికా గిటారు కంపెనీ గిబ్సన్ 1936లో ఈఎస్-150 అనే హాలోబాడీ తెచ్చింది. జాజ్ గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ దాన్ని చేతబట్టి, వెనక వరుసలో తాళం వేసుకునే గిటారును జాజ్‌లో ముందు వరుసకు తెచ్చాడు. 1949లో ఈఎస్-175 వచ్చింది. 1950ల మధ్యలో గిటారిస్టు చెట్ అట్కిన్స్ పేరుతో గ్రెట్ష్ కంపెనీ వారి నారింజ రంగు 6120, 1961లో ఎపిఫోన్ కసీనో వచ్చాయి. 1969 జనవరి 30న లండన్‌లో మేడ మీద బీటిల్స్ వాయించినప్పుడు జాన్ లెనన్ మెడలో ఉన్నది రంగు గీకించేసిన కసీనోనే. ఇలాంటి ఫొటోలు ఏళ్ల తరబడి చూసినవాడికి ముదురు ఎరుపు రంగు, పసుపుబారిన అంచులు, అక్కడక్కడ గీతలు ఉన్న గిటారు చూపిస్తే బుద్ధి పనిచేయదు. అమ్మేవాడికి కావలసింది అదే.

ప్రకటనలో "లాసూట్ గిటారు", అంటే దావా పడిన గిటారు, అని ఉంది. ఈ మాట వినగానే జేబు తడుముకోకండి. 1977లో గిబ్సన్ యజమాని సంస్థ నార్లిన్, అమెరికాలో ఐబనెజ్ అనే జపాన్ గిటార్లు అమ్మే ఎల్గర్ సంస్థ మీద కోర్టుకు వెళ్లిన మాట నిజం. గొడవ గిటారు తల (మెడ చివర తీగలు బిగించే భాగం) ఆకారం గురించి, తర్వాత రాజీ అయింది. అంతే. ఆ ఒక్క దావాను పట్టుకుని ఆ కాలపు ప్రతి జపాన్ నకలుకూ, చివరికి ఆ కాలానిది కానిదానికీ ఈ పేరు తగిలిస్తున్నారు. పేరు తగిలితే ధర పెరుగుతుంది మరి.

ఐదు వేలు బయానా పంపి, మే నెలలో ఒక శనివారం సాయంత్రం హైదరాబాద్ వెళ్లాను. అమ్మేవాడు మర్యాదస్తుడు. "సార్, సార్" అంటూ చాయ్ ఇచ్చాడు. గదిలో ఒకే బల్బు, గోడకు ఆకుపచ్చ తెర. గిటారు అప్పటికే యాంప్‌కు తగిలించి ఉంది, ప్రతిధ్వని బాగా పెంచి పెట్టాడు. అంత ప్రతిధ్వనిలో రేకు డబ్బా మోగించినా కమ్మగానే ఉంటుందని ఇప్పుడు తెలుస్తోంది. ఒక మాటలో హాలోబాడీ అన్నాడు, మరో మాటలో సెమీ హాలో అన్నాడు. రెండూ ఒకటి కావు. 1958లో వచ్చిన ఈఎస్-335 లాంటి సెమీ హాలోలో పొట్ట మధ్య పొడవునా చెక్క దిమ్మె ఉంటుంది, ఈఎస్-175లోనూ కసీనోలోనూ ఉండదు. అమ్మేవాడికి తన సరుకు ఏదో తెలియడం లేదంటే అక్కడే లేచి రావాలి. నేను లేవలేదు. ఫోన్‌లో మిగతా 43 వేలు పంపేసి, పెట్టె భుజాన వేసుకుని బస్సెక్కాను. చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి దాటేదాకా పెట్టెను ఒళ్లోంచి దింపలేదు.

తొమ్మిదో రోజున తీగలు ఫ్రెట్ల (మెడకు అడ్డంగా ఉండే సన్నని లోహపు పట్టీల) మీద నుంచి లేచినట్టు అనిపించింది. పొట్ట మీద తీగలు ఆనే బ్రిడ్జిని అడుగుకంటా దించినా ఎత్తు తగ్గలేదు. తల వెనక, మెడ మొదలయ్యే చోట, రంగు కింద వెంట్రుక మందాన ఒక గీత తేలింది. ఇలా వెనక్కి వాలిన తల ఉన్న గిటార్లకు విరిగే చోటు అదే. మెడ లోపలి ఇనుప కడ్డీ బిగించడానికి చెక్క తొలిచేదీ అక్కడే, తీగల లాగుడు పడేదీ అక్కడే. ఆరు తీగలూ శ్రుతిలో ఉంటే మొత్తం లాగుడు 45 కిలోల పైమాటే. సరిగా అతికిస్తే ఆ విరుపుతోనే ముప్పై ఏళ్లు వాయించవచ్చు. దాచిపెట్టి అమ్మడమే నేరం.

ఫోన్ చేస్తే, "సార్, మీ నల్లగొండ ఎండకు పగిలి ఉంటుంది" అన్నాడు. మా ఎండ సంగతి మాకు తెలుసు. మేలో బయట పెట్టిన ఇనుప కుర్చీ మీద కూర్చోలేం. మూసిన కారులో గిటారు వదిలేస్తే జిగురు మెత్తబడుతుందనీ తెలుసు. కానీ ఎండ పగలగొడితే పగులు మీద రంగు ఎవరు వేశారు? దీనికి జవాబు లేదు. మర్నాటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు.

కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ వెళ్లి, హార్మోనియంలు, గిటార్లు బాగుచేసే ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన తీగలు వదులు చేసి, చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో పొట్ట చుట్టూ తట్టాడు. ఒకచోట బొంగురుగా జిర్రుమంది. "కుండ కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా మాస్టారూ, దీన్ని ఎందుకు తట్టలేదు?" అన్నాడు. మా అమ్మ వేసవిలో నీళ్ల కుండ కొనడానికి వెళ్తే పది కుండలు తట్టి పదకొండోది తెచ్చేది. ఆమె కొడుకు 48 వేలు పెట్టి ఒక్కసారీ తట్టలేదు.

పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దాన్ని ఎఫ్ రంధ్రంలోంచి దించి, ఫోన్ లైటు వేసి లోపల చూపించాడు. బ్రిడ్జి బరువు మోయడానికి పై చెక్క కింద అతికించే రెండు పట్టీలలో ఒకటి సగం ఊడి ఉంది. జిర్రుమన్నది అదే. పై చెక్క కూడా బ్రిడ్జి కింద కొద్దిగా కుంగింది. నా గుండె జారింది మాత్రం లోపలి చెక్క రంగు చూశాక. బయట యాభై ఏళ్ల ముసలితనం, లోపల నిన్న కోసినట్టు తెల్లటి చెక్క. అంచుల పసుపు కాలం ఇచ్చింది కాదు, పూసిన రంగు. గోరుతో గీకితే తెల్లగా తేలింది. తుప్పు కూడా కంటికి కనబడే మరల తలల మీదే ఉంది, విప్పితే మర కాడలు మెరుస్తున్నాయి. గీతలన్నీ ముందువైపే. యాభై ఏళ్లు వాయించిన గిటారుకు వెనక నడుం పట్టీ రాసుకున్న మచ్చ ఒక్కటైనా ఉండాలి, ఫ్రెట్ల మీద తీగల గాట్లు ఉండాలి. రెండూ లేవు. ఫ్రెట్లు మార్పించి ఉండవచ్చుగా అని నేనే అమ్మినవాడి తరఫున వాదించబోయాను. పెద్దాయన నవ్వి ఊరుకున్నాడు.

తల మీద చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది, మెడ కడ్డీని సరిచేసే చోటుకు కప్పు. రెండు మూడు చిన్న మరలు విప్పితే వచ్చేస్తుంది. దాని కింద జిగురు కారి గడ్డకట్టి ఉంది. అమ్మేవాడు ఆ మూత విప్పనివ్వకపోతే బేరం మానుకోండి. తల వెనక లైటును ఏటవాలుగా పట్టి చూడండి. అక్కడ మాత్రమే రంగు ముదురుగా, మందంగా ఉంటే ఏదో కప్పిపెట్టారన్నమాట. బ్రిడ్జి ఎంత దిగి ఉందో చూడండి. అప్పటికే అట్టడుగున ఉండి, తీగలు ఇంకా ఎత్తుగా ఉంటే మెడ కోణం పోయినట్టే. దాన్ని సరిచేయాలంటే మెడ ఊడదీసి మళ్లీ అతికించాలి, గిటారు ధరలో సగం దానికే అవుతుంది. యాంప్ ఆపించి ఉత్త గిటారు వినండి. పగటిపూటే వెళ్లండి.

ఒక విషయంలో అమ్మేవాళ్ల పక్షాన మాట్లాడాలి. యాంప్ గట్టిగా పెడితే కూత పెడుతోందని హాలోబాడీని తిరిగిచ్చేవాళ్లు ఉన్నారు. అది లోపం కాదు. స్పీకరు మోతకు డొల్ల పొట్ట అదిరి, ఆ అదురు తీగల ద్వారా మళ్లీ స్పీకరుకు చేరుతుంది. ఫంక్షన్ హాల్లో మనిషెత్తు స్పీకర్ల ముందు నిలబడితే ఏ హాలోబాడీ అయినా అరుస్తుంది. బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ అంతటివాడే రంధ్రాల్లో గుడ్డలు కుక్కేవాడు. 1980లో ఆయన పేరు మీద వచ్చిన లూసిల్ అనే గిటారుకు అసలు ఆ రంధ్రాలే పెట్టలేదు. మీరు వాయించేది పెళ్లి బ్యాండులో అయితే సెమీ హాలో కొనుక్కోండి.

ఇక డబ్బు సంగతి. ప్రకటనను ఫొటో తీసి దాచుకోకపోవడం నా పెద్ద తప్పు. గొడవ మొదలైన రోజే అది మాయమైంది. డబ్బు పంపిన రుజువు, "1970ల నాటిది, ఏ రిపేరూ లేదు" అని వాడు పంపిన సందేశం మాత్రం మిగిలాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు, రెండేళ్ల లోపు వేయాలి. అయితే సొంత వస్తువు ఒక్కసారి అమ్ముకున్న మనిషి మీద వినియోగదారుల చట్టం పనిచేయదు, వ్యాపారంగా అమ్మేవాడని చూపించాలి. అందుకే వాడి మిగతా ప్రకటనలు పోగుచేస్తున్నాను. ఇలాంటి గిటారు మీరూ కొని ఉంటే, మీ దగ్గరున్న సందేశాలు చెరపకండి, నాకు రాయండి.

పోయిన వారం కొత్త పేరుతో మరో ప్రకటన కనబడింది. ఈసారి నారింజ రంగు గిటారు, 52 వేలు. వెనక అదే ఆకుపచ్చ తెర. ఫొటోలు నాలుగు పెట్టాడు, నాలుగూ ముందువైపువే.